ఉప్పు గిడ్డంగికి మోకాళ్ళు

జనవరి 9

ఒసే మూరెడూ,

ముందు కూర్చో. నిలబడి చదివే ఉత్తరం కాదిది.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. చెయ్యను. ఫోన్లో నేను సగం మాట అనేలోపు నువ్వు "సరే అమ్మమ్మా, సరే సరే" అని మిగతా సగం మింగేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు. నాకు అక్షరం రాదు కాబట్టి పక్క కొట్టు దర్జీ రాస్తున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాయకపోతే నా జాకెట్లు ఇంకో చోట కుట్టించుకుంటానని ముందే చెప్పాను. (చెప్పినట్టే రాస్తున్నాను. – దర్జీ)

సంగతేమిటంటే, పోయిన వారం గాలివానకి మన ఉప్పు గిడ్డంగి పైకప్పు లేచిపోయింది. రేకులు గాల్లో తిరిగి తిరిగి ఉప్పు మళ్ళ అవతల పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బస్తాల మీద పట్టాలు కప్పి, పట్టాల మీద రాళ్ళు పెట్టి, రాళ్ళ పక్కన నేను కూర్చున్నాను.

మీ మామయ్య ఆ సాయంత్రమే నీకు ఫోను చేశాడట. ఇనప చట్రం వేయిద్దాం, మధ్యలో ఒక్క స్తంభం ఉండదు, లారీ తిన్నగా లోపలికొస్తుంది, గీసేది మా మేనకోడలే అని వీధంతా చెప్పుకు తిరుగుతున్నాడు. గిడ్డంగిలో నలభై ఏళ్ళుగా కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగలేదు. అందుకని నా వాదన నేనే వినిపించుకుంటున్నాను.

కప్పు ఎగిరింది గాని మధ్యలో దాన్ని మోసే పదకొండు నిట్రాళ్ళలో ఒక్కటీ కదల్లేదు. వాటి మీద దూలాలూ కదల్లేదు. ఎగిరింది రేకులు. ఎందుకెగిరాయి? వాటిని పట్టుకున్న బోల్టులు పుచ్చిపోయాయి కాబట్టి. ఇనుముని ఉప్పు తింటుందే పిల్లా. నమలదు, చప్పరిస్తుంది. గిడ్డంగి తలుపుకి బందులు ఎన్నిసార్లు మార్చానో నీకు తెలుసా? నా బొడ్లో వేలాడే తాళంచెవి కూడా ఏడాదికొకసారి కొత్తదే. అదే ఉప్పు చెక్కని ఏమీ చెయ్యదు. పైగా గట్టిపరుస్తుంది. మన నిట్రాడిలో మేకు దిగదు, వంగుతుంది. అలాంటి చోట ఇనప చట్రమా? ఉప్పుకి విందు పెడుతున్నారా?

ఈ కవర్లో ఒక బోల్టు వేశాను. తొమ్మిదేళ్ళ కిందట కొన్నప్పుడు బొటనవేలంత లావు. ఇప్పుడెంతుందో నువ్వే చూడు. చూసి మీ ఆఫీసులో పెద్దాయన బల్ల మీద పెట్టు.

ఇంకో మాట. నిట్రాళ్ళు తియ్యడానికి వీల్లేదు. ఎందుకని అడక్కు. ఉండాలి కాబట్టి ఉండాలి.

వానలు వచ్చేలోపు కప్పు పడకపోతే పదకొండు ఇళ్ళవాళ్ళూ తమ ఉప్పు తాము మోసుకుని ఇంకో చోటికి పోతారు. గిడ్డంగీ ఉండదు, నేనూ ఉండను. ఫిబ్రవరి ఆఖరుకి ఇనుముకి సంతకం పెట్టేస్తానంటున్నాడు మీ మామయ్య. చెక్క అని గీసి పంపు.

వేళకి తింటున్నావా? అబద్ధం చెప్పకు.

మీ అమ్మమ్మ


జనవరి 19

అమ్మమ్మకి,

కూర్చునే చదివాను. రెండుసార్లు చదివాను. ఇక్కడ అందరూ నన్ను మేడమ్ అంటారు, మూరెడు అనేది నువ్వొక్కదానివే. అందుకే ఉత్తరం రాగానే నేను మళ్ళీ మూరెడు పొడుగైపోయి కూర్చున్నాను.

ముందొక కబురు: కవరు వచ్చింది, బోల్టు రాలేదు. కవరు మూలకి కన్నం పడింది. నీ సాక్షి దారిలో ఎక్కడో దిగిపోయాడు.

నీ వాదన కొట్టిపారెయ్యడం లేదు. కాని నా మాటా విను. గిడ్డంగికి చట్రం మూడు రకాలుగా వెయ్యొచ్చు. కాంక్రీటు వేస్తే బరువు, ఆలస్యం. చిన్న పగులు వచ్చినా ఉప్పుతేమ లోపలికి దిగి కమ్మీలని పట్టుకుంటుంది. చెక్కంటావా, అంత పొడుగు చెక్క ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? మిగిలింది ఇనుము. తేలిక, రెండు నెలల్లో లేస్తుంది, మధ్యలో స్తంభాలు అక్కర్లేదు. తుప్పుకి పూతలున్నాయి, మంచివి.

స్తంభాలు ఎందుకు వద్దంటే, పోయినేడు లారీ బయట ఆగి, వానలో బస్తాలు దించుతుంటే సగం ఉప్పు నీళ్ళైపోయిందని శాపనార్థాలు పెట్టింది నువ్వే. లారీ లోపలికి రావాలంటే మధ్య ఖాళీగా ఉండాలి. నిట్రాళ్ళ మీద నీకు మమకారం ఉంటుంది, తాతయ్య నిలబెట్టినవి. కాని మమకారంతో లారీ తిరగదు కదా.

నేను నిద్రపోకుండా ఆలోచిస్తున్నది వేరే ఉంది. నా అనుమానమంతా మోకాలి మీదే. మొత్తం బరువు వచ్చి పడేది అక్కడే. పైకి బాగానే కనిపిస్తుంది, గట్టి గాలి వీస్తే నిలవదు. అది బలహీనమని మనం ముందే ఒప్పుకుంటే మంచిది. మామయ్యతో కూడా ఇదే అన్నాను. మోకాలి సంగతి తేలేదాకా ఏ నిర్ణయమూ వద్దన్నాను. వేరే పల్చటి కాగితం మీద బొమ్మ గీసి పెట్టాను, అది చూస్తే నీకే అర్థమవుతుంది.

మూడుపూటలా తింటున్నాను. ఒక పూట నిలబడి.

నీ మూరెడు


జనవరి 28

అమ్మా ఇంజినీరు గారికి,

నా మోకాలి మీద పడ్డావా?

దర్జీ చదువుతుంటే మళ్ళీ చదవమన్నాను. "పైకి బాగానే కనిపిస్తుంది, గట్టి గాలి వీస్తే నిలవదు" అట. ఎవరే గాలికి నిలవంది? కప్పు లేచిపోయిన రోజు ఆ గాలిలో పట్టా కొస పట్టుకుని నిలబడింది ఎవరు? మీ మామయ్యా? వాడు కారులో అద్దాలెత్తుకుని కూర్చున్నాడు. మనింటి గుమ్మానికి పన్నెండు మెట్లు. పొద్దున దిగుతాను, సాయంత్రం ఎక్కుతాను. మధ్యలో ఎన్నిసార్లో చెప్పను, దిష్టి తగులుతుంది.

ఇప్పుడు తెలిసింది మీ ఎత్తు. మామా మేనకోడలూ కూడబలుక్కున్నారు. చట్రం పేరు పెట్టి ముసలిదాన్ని కుర్చీలో కూలేస్తారన్న మాట. మోకాలి సంగతి తేలేదాకా నిర్ణయం లేదంటావా? నా మోకాలికీ గిడ్డంగికీ ఏమిటే సంబంధం? నేను వెళ్ళి దూలం కింద నిలబడి మొయ్యాలా?

బొమ్మ చూస్తే అర్థమవుతుందన్నావు. బొమ్మ లేదు. నీ పల్చటి కాగితం చూసి, కొలతలు గీసుకోమని మర్యాదగా పంపావనుకుని, దర్జీ దాని మీద జాకెట్టు ముక్క గీసి కత్తిరించేశాడు. (తప్పైపోయింది, కాగితం చాలా బాగుంది. – దర్జీ) నా వీపు మీద నీ గిడ్డంగి ఉంది ప్రస్తుతానికి. చేతులు మాత్రం సరిగ్గా కుదిరాయి.

బోల్టు మళ్ళీ పంపిస్తున్నాను. ఈసారి దర్జీ దాన్ని గుడ్డలో పెట్టి నాలుగు వైపులా కుట్టాడు. ఇది కూడా దిగిపోతే తపాలావాళ్ళతో నేను మాట్లాడతాను.

నిట్రాళ్ళు తియ్యడానికి వీల్లేదు. మళ్ళీ చెబుతున్నాను.

మమకారమట! మీ తాతయ్య మీదే నాకంత లేదు, కర్రల మీద ఉంటుందా?

నీ మోకాళ్ళు జాగ్రత్త, కుర్చీలో కూర్చుని కూర్చుని పట్టేస్తాయి.

అమ్మమ్మ

(కవరులో మడిచిన చీటీ)

అమ్మాయిగారూ, ఈ చీటీ సంగతి పెద్దమ్మకి తెలియదు. నేను చెప్పకూడదు గాని చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పదకొండు నిట్రాళ్ళ మీదా పదకొండు గాట్లున్నాయి. ఒకదాని మీద చేప, ఒకదాని మీద దువ్వెన, ఒకదాని మీద మూడు గీతలు, ఇలా. ఒక్కో ఇంటివాళ్ళకి ఒక్కో గుర్తు. ఏ నిట్రాడి దగ్గర బస్తాలు ఆ ఇంటివి. పెద్దమ్మ చీకట్లోనైనా చెయ్యి పెట్టి తడిమి ఎవరి ఉప్పో చెబుతుంది. చీటీలు చదవలేదు కదా. మొన్న కప్పులేని గిడ్డంగిలో ఒక్కతే నిట్రాడు నుంచి నిట్రాడికి నడుస్తూ, తడుముతూ, పేర్లు అనుకుంటోంది. అవి తీసేస్తే రేపటినుంచి ఎవరి ఉప్పు ఎక్కడుందో హమాలీలని అడగాలి. ఆమె అడగదు. ఇంట్లో కూర్చుంటుంది. ఇక మోకాలంటారా, నా కొట్టులోంచి లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేస్తోంది. – దర్జీ


ఫిబ్రవరి 8

అమ్మమ్మా,

లెంపలు వేసుకున్నాను. ఆఫీసులోనే వేసుకున్నాను, అందరూ చూశారు.

మోకాలంటే నీది కాదు. చట్రానిది! కాళ్ళు నిలువుగా పైకి లేచి, అక్కణ్ణుంచి కప్పు వైపు వంగుతాయే, ఆ వంపుని మా పనిలో మోకాలంటాం. నిజంగానే అంటాం. మధ్యలో స్తంభాలు లేకపోతే గాలి బరువూ కప్పు బరువూ అక్కడే పడతాయి. బొమ్మ ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. జాకెట్టు ఎలా ఉంది?

కుర్చీలో కూర్చోబెట్టాలని నేనెప్పుడూ అనలేదు. మామయ్య అన్నాడేమో నాకు తెలియదు. అంటే నాకు చెప్పు, ఆయన సంగతి ఇద్దరం చూద్దాం.

ఇక బోల్టు. వచ్చింది. కుట్లు విప్పడానికి కత్తెర తెచ్చుకోవాల్సి వచ్చింది. అమ్మమ్మా, బొటనవేలంత లావున్నది దబ్బనమంత అయిపోయింది. పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ఎన్నేళ్ళది?" అన్నారు. తొమ్మిదేళ్ళన్నాను. నేను గీసిన ఇనప చట్రం కాగితాలు ఆయనే మూసేశారు. "ఈవిడ చెప్పింది నిజం. ఉప్పు నిలవచేసే చోట్ల చాలామంది చెక్కే వాడతారు, నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నారు. నాకు సిగ్గేసింది. బస్తాల మీద ఎక్కి ఆడుకున్న పిల్లని, ఆ తలుపు బందులు రాలిపోవడం చూసినదాన్ని, నేనే అడగాల్సింది.

పొడుగు చెక్క దొరకదని నేనన్నది కూడా పూర్తిగా నిజం కాదు. సన్నటి పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి ఎంత పొడుగైనా చెయ్యొచ్చు. ఇలా చేసిన చట్రానికి మధ్యలో స్తంభాలు అక్కర్లేదు. కాని మళ్ళీ మోకాలి దగ్గరే ఆగిపోయాను. చట్రం మోకాలే! నిలువు కాలినీ పైదూలాన్నీ అక్కడ కలపాలంటే ఇనప పలకా బోల్టులూ కావాలి. అంటే ఉప్పుకి మళ్ళీ విందే. మన నిట్రాడూ దూలమూ ఎలా కలిపారు? ఇనుము కనిపించినట్టు గుర్తులేదు నాకు. వెళ్ళి చూసి చెప్పు.

నిట్రాళ్ళు మాత్రం ఉండవు, లారీ రావాలి. కాని గోడ పొడుగునా పన్నెండు జతల కాళ్ళు నిలబడతాయి. రెండేసి జతల మధ్య ఒక గది లెక్కన పదకొండు గదులు వస్తాయి. ఏ కాలి మీద ఏ గుర్తు ఉండాలో వరసగా చెప్తావా? చేప మొదట రావాలా, దువ్వెనా?

నీ మూరెడు


ఫిబ్రవరి 17

ఒసే మూరెడూ,

చేప అన్నావు, దువ్వెనన్నావు. ఉత్తరం చదివి వినిపిస్తూ దర్జీ అక్కడికి రాగానే దగ్గాడు. మిషను మీద లేని నూలు వెతికాడు. అప్పుడే పట్టుకున్నాను. నువ్వు ఎనిమిదేళ్ళప్పుడే ఊరు వదిలి వెళ్ళావు, నీకు ఆ గాట్లు గోకడానికి తప్ప తెలియవు. వాణ్ణి నిలబెట్టి అడిగితే ఒప్పుకున్నాడు. తిట్టాను. ఇప్పుడు తలొంచుకుని రాస్తున్నాడు. (నిజమే. – దర్జీ)

సరే. తెలిసిపోయింది కాబట్టి చెబుతున్నాను. ఉప్పు కోసం చెక్క అన్నాను కదా, అది అబద్ధం కాదు. సగం. మిగతా సగం ఆ నిట్రాళ్ళు నా చదువు. బడికెళ్ళలేదు, పలక పట్టలేదు. పెళ్ళై వచ్చినప్పుడు మీ తాతయ్య చీటీలు రాసి బస్తాలకి కట్టేవాడు. ఆయన ఊళ్ళో లేనప్పుడు ఎవరైనా వస్తే నేను నిలబడి చూసేదాన్ని. ఒకసారి ఒకళ్ళ ఉప్పు ఇంకొకళ్ళకి ఇచ్చేశాను. వాళ్ళేమీ అనలేదు, నవ్వారు. ఆ నవ్వు నాకు పడలేదు. మర్నాడు కొడవలి తీసుకెళ్ళి గాట్లు పెట్టాను. అప్పటినుంచి ఒక్క బస్తా తప్పలేదు. మీ మామయ్య ఇప్పుడు కంప్యూటరు పెడతానంటాడు. పెట్టుకోనీ. కరెంటు పోతే నా దగ్గరికే రావాలి, నేను ఉంటే కదా! ఆ నిట్రాళ్ళు లేని గిడ్డంగిలో నేను మళ్ళీ నిలబడి చూసే మనిషినే. అదీ నా భయం. రాసేశాడా? రాశాడు. సరే, పోనీ.

లారీ లోపలికి రావాలన్నది మాత్రం నువ్వు చెప్పింది ఒప్పు. నేను కాదన్నప్పుడు కూడా ఒప్పే.

ఇప్పుడు నీ ప్రశ్న. నిట్రాడికీ దూలానికీ మధ్య ఇనుము లేదు. అక్కడొక వంకర కర్ర ఉంది. నేను పడవల వడ్రంగిని తీసుకెళ్ళి చూపించాను, వాళ్ళ నాన్నే ఆ పని చేసింది. వాడు చూస్తూనే, "ఓహో, ఇది పడవ లోపల వేసే మోకాలే కదమ్మా!" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. పడవల్లోనూ మోకాలేనట! పడవలో అడుగు చెక్కా పక్క చెక్కా కలిసే చోట ఇలాంటిది వేస్తారట. దానికి తిన్నటి కర్ర కోసి అతికితే పనికిరాదు. చెట్టు మీద వంగి పెరిగిన కొమ్మే వెతికి తేవాలి. "కొమ్మతోపాటు దాని లోపలి నార కూడా వంగుతుంది, అందుకని విరగదు. అతుకు లేని చోట విరగడానికేముంది?" అన్నాడు. ఆ కర్రకి వేసినవి కూడా చెక్క చీలలే.

దర్జీ టేపు పెట్టి ఆ వంపు కొలిచాడు, లావుపాటి మనిషి చంక కొలత తీసినట్టు. కొలతలు వెనకపేజీలో రాశాడు. నీ పల్చటి కాగితం అప్పు తీరిందట.

వరస ఇది: తలుపు దగ్గర దువ్వెన, తర్వాత చేప, మూడు గీతలు, చందమామ, కుండ, నిచ్చెన, ఆకు, రెండు చుక్కలు, తెడ్డు, పక్షి, ఆఖరున గంట. మార్చావంటే ఊరుకోను.

మీ మామయ్య సంతకానికి ఇంకో పదకొండు రోజులుంది.

అమ్మమ్మ


ఫిబ్రవరి 27

అమ్మమ్మా!

మామయ్య సంతకం పెట్టాడు, చెక్కకి. నీకింకా చెప్పి ఉండడు, నువ్వు గెలిచానని అంటావని భయం.

అతుకు లేని చోట విరగడానికేముంది అన్న వడ్రంగి మాట పట్టుకుని ఒక రాత్రంతా కూర్చున్నాను. కొమ్మ వంగి పెరిగినట్టే, సన్నటి పలకలని మెల్లగా వంచి, ఒకదాని మీద ఒకటి జిగురుతో అంటించి బిగిస్తే, కాలూ మోకాలూ దూలమూ ఒకటే కర్రవుతాయి. కలపాల్సిన చోటే లేదు, కాబట్టి అక్కడ ఇనుమే లేదు. ఇలా చేసే కర్మాగారం ఉంది. ఒక చిన్న నమూనా చేయించి, మోకాలి మీద బరువులు పెంచుకుంటూ పోయాం. మూలిగింది. విరగలేదు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ అమ్మమ్మగారు మన ఆఫీసుకి వస్తారా?" అన్నారు. నేను ముందే చెప్పాను, వస్తే ఆయన కుర్చీలో కూర్చుంటుందని.

కాళ్ళు నేలని తాకవు, ఎత్తైన దిమ్మెల మీద నిలబడతాయి. దిమ్మె దగ్గర కాస్త ఇనుము తప్పలేదు, తుప్పు పట్టని రకం. అంతవరకు క్షమించు.

ఒకటి మాత్రం ఒట్టు పెట్టించుకుంటున్నాను. కొత్త కాళ్ళ మీద ఒక్క గాటు కూడా పెట్టకూడదు. గాటు పడితే పలక బలం తెగుతుంది. కొడవలి ఇంట్లో పెట్టు. పాత నిట్రాళ్ళ మీద నీ గుర్తులున్న ముక్కలు మటుకు మూరెడేసి పొడుగున కోయించి, కొత్త కాళ్ళకి అంటిద్దాం. నీ చెయ్యి ఎత్తుకి.

మూరెడు


జూలై 5

ఒసే మూరెడూ,

వాన పడుతోంది. నేను గిడ్డంగిలో కూర్చుని చెబుతున్నాను, దర్జీ బస్తా మీద కాగితం పెట్టి రాస్తున్నాడు. చినుకు లోపలికి రాలేదు. లారీ వచ్చింది. మొత్తం లారీ, ముక్కూ తోకా లోపలే. తిరిగింది కూడా. మీ మామయ్య తనే కనిపెట్టినట్టు చేతులూపుతూ దాని ముందు వెనక్కి నడిచాడు. నడవనిచ్చాను.

నువ్వు చట్రాలు నిలబెట్టిన వారం ఉండి వెళ్ళావు గాని, ఇప్పుడు చూడాలి. పన్నెండు కాళ్ళు ఇటు, పన్నెండు అటు, పైన వంగి చేతులు కలుపుకున్నట్టు. వడ్రంగి రోజూ వచ్చి కింద నిలబడి, బోర్లించిన పడవ అంటాడు. మొన్న గట్టి గాలికి చట్రం ఒకసారి మూలిగింది. మూలగనీ అన్నాను. మూలిగేది విరగదని నువ్వు రాశావు.

గుర్తులు అన్నీ కుదిరాయి. మొన్న నేను ఇంటికెళ్ళినప్పుడు చందమామ వాళ్ళు వచ్చారట. కరెంటు లేదు, కంప్యూటరు లేదు. మీ మామయ్య నాలుగో కాలు దగ్గరికెళ్ళి, ఎవరూ చూడట్లేదనుకుని, చేత్తో తడిమి చూశాడట. హమాలీలు చూశారు. వాళ్ళు ఇప్పుడు వాడికి "ఒకటో తరగతి" అని పేరు పెట్టారు. నిన్న వాడే వచ్చి, "అమ్మా, తెడ్డూ పక్షీ చేతికి ఒకేలా తగులుతున్నాయి, తేడా చెప్పు" అన్నాడు. చెప్పాను. మూడుసార్లు చెప్పించుకున్నాడు, మందబుద్ధి.

ఇక అసలు సంగతి. గదులు పదకొండు, కాళ్ళు పన్నెండు. గంట తర్వాత ఒక కాలు ఖాళీగా మిగిలింది. ఎవరిదమ్మా ఇది అని వచ్చినవాళ్ళందరూ అడగడమే. పాత నిట్రాడి ముక్క ఒకటి మిగిలితే వడ్రంగి చేత దాని మీద ఒక వంకర గీత చెక్కించి అక్కడ అంటించాను. మోకాలు. నా గుర్తని హమాలీలు నవ్వుతారు. నా గుర్తు కాదే, నీది. ఈసారి వచ్చినప్పుడు చెయ్యి పెట్టి చూసుకో.

నా మోకాలి సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే దర్జీ చీటీ పెడతాడు. నొప్పిగానే ఉంది. ఏడాదైంది. సోమవారం మీ మామయ్యతో డాక్టరు దగ్గరికి వెళుతున్నాను. నాది అతుకున్న రకమట, కాని బాగుచెయ్యొచ్చట. ఆ రెండు వారాలూ గిడ్డంగి ఒకటో తరగతివాడే చూసుకుంటాడు. తడిమితే తెలుస్తుంది వాడికి.

దర్జీని కలం కింద పెట్టమన్నాను. కింద ఉన్న వంకర గీత నేను గీసింది. వాడు నా చెయ్యి పట్టుకోలేదు.

ㄱ